నా ఒక్కని కోసం ఎందుకు?

మా నాలుగు బండ్లలో ఒకటి వెనక లేదని మాకు తెలిసేసరికి ఎనిమిది కిలోమీటర్లు దాటొచ్చాం. నేరేడుచర్ల దాటాక ఒక హోటల్ దగ్గర బండ్లు ఆపి, హెల్మెట్లు తీసి, నాలుగు చాయ్‌లు చెప్పి, అవి చేతికొచ్చాక గానీ ఉన్నది ముగ్గురమేనని గమనించలేదు. నాలుగో గ్లాసు బల్ల మీద ఆవిరి కక్కుతోంది. "సారు ఏడి రా?" అన్నాడు మాలో మెకానిక్ పని చేసే దోస్తు. చరిత్ర పాఠాలు చెప్పే దోస్తును మేం సారు అనే పిలుస్తాం. ఫోను చేస్తే మోగింది, ఎత్తలేదు. రెండోసారి చేస్తే ఎవరో ఆడమనిషి ఎత్తింది. "మీ దోస్తు పడ్డడు బిడ్డా. పెద్ద దెబ్బ లేదు గని జల్ది రాండ్రి" అంది.

వెనక్కి వెళ్లి చూస్తే రోడ్డు పక్కన పట్టా మీద మా సారును కూచోబెట్టి ఉన్నారు. మోచేయి చెక్కుకుపోయింది. ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది. బండి అద్దం ఊడి వడ్ల మధ్యలో ఆకాశాన్ని చూపిస్తూ పడి ఉంది. హెల్మెట్‌కు కుడివైపు జానెడు గీత. అది లేకపోతే ఆ గీత ఎక్కడ పడేదో అక్కడున్న అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. ఫోను ఎత్తిన పెద్దమ్మ బిందెలో నీళ్లు తెచ్చి గాయం కడుగుతోంది. "పానం దక్కింది, గంతే చాలు" అని తనలో తాను అనుకుంటోంది.

రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి. వడ్ల మీద బండి ఎక్కితే గోలీల మీద కాలు వేసినట్టే. తప్పంతా ఆరబోసినవాళ్లదే అని తీర్పు చెప్పేయడం తేలిక. ఆ రోజు మాలో ఒకడు ఆ మాట అన్నాడు కూడా. కానీ ఈ నేల సంగతి తెలిసినవాళ్లు అంత తొందరపడరు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నీళ్లు పారిన చోటల్లా మిర్యాలగూడ, హుజూర్‌నగర్, నేరేడుచర్ల వైపు వరి తప్ప మరొకటి కనిపించనంతగా పండింది. ఇప్పుడు కోత మిషన్ ఒక్క పూటలో ఎకరాలకు ఎకరాలు కోసి పచ్చి వడ్లు కుప్ప పోసి పోతుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదంటారు. కల్లాలేమో పొలాల్లో కలిసిపోయాయి. ఎండకు కాగే నల్లటి తారురోడ్డు తప్ప ఆ పెద్దమ్మకు మరో జాగా ఏది? ప్రమాదం ప్రమాదమే. దాన్ని తీర్చాల్సింది కల్లాలు కట్టించడం ద్వారా. రోడ్డున పోయే మనం మాత్రం ఆ వడ్లు అక్కడ ఉంటాయని తెలుసుకొని పోవాలి.

ఆ రోజు నన్ను పట్టుకున్న ప్రశ్న వడ్ల గురించి కాదు. కట్టు కట్టించుకొని ఇంటికొచ్చాక, రాత్రి సారు మెల్లగా చెప్పాడు. ముందు రాత్రి పాపకు జ్వరమట. రెండు గంటలు కూడా నిద్ర లేదట. హుజూర్‌నగర్ దాటినప్పటి నుంచీ కండ్లు మూతలు పడుతున్నాయట. "మరి చెప్పొచ్చు కద రా!" అంటే అతనన్న మాట ఇది: "చెప్పాలనే అనుకున్న. మీరు ముందట మంచి జోష్ మీద పోతున్నరు. నా ఒక్కని కోసం ఎందుకు ఆపాలె అనుకున్న."

నా ఒక్కని కోసం ఎందుకు! ఈ మాట మీరు వినే ఉంటారు. మీరే అనుకొని ఉంటారు. పెళ్లివారి బస్సులో వాంతి వచ్చేలా ఉన్నా నోరు మూసుకున్న పిల్ల అనుకుంటుంది. ఆఫీసులో పని మీద పని పడుతుంటే ఊపిరాడనివాడు అనుకుంటాడు. జ్వరంతో పొయ్యి ముందు నిలబడ్డ అమ్మ రోజూ అనుకుంటుంది. దీన్ని మనం మంచితనం అని మెచ్చుకుంటాం. సర్దుకుపోయే మనిషి అని పేరు పెడతాం. బండి మీద ఉన్నప్పుడు ఆ మంచితనం ఖరీదు ఎంతో వెంటనే తెలిసిపోతుంది, అంతే తేడా. మనిషికి "ఆగుదాం" అనడం నేర్పాలి, నిజమే. దానికంటే ముందు, ఆ మాట అనాల్సిన అవసరమే రాకుండా గుంపు నడవడం నేర్చుకోవాలి. ఆ రెండోది మేం మరుసటి ఏడాది అదే దారిలో నేర్చుకున్నాం. సూర్యాపేటలో బయలుదేరి కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ, వాడపల్లి చూసుకొని చీకటి పడకముందే సూర్యాపేట చేరుకోవడం మా లెక్క. మొత్తం రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు.

ముందు రాత్రి నుంచే మొదలుపెట్టాం. "అందరూ రెడీనా?" అని అడగడం మానేశాం. ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ "రెడీ"నే. జ్వరం ఉన్నా రెడీ, అప్పులో ఉన్నా రెడీ, ఇంట్లో గొడవైనా రెడీ. దాని బదులు ఒక్కొక్కరికీ విడిగా ఫోను చేసి, "రాత్రి ఎన్నింటికి పండుకుంటున్నవ్? ఇంట్ల అందరు బాగనే ఉన్నరా?" అని అడిగాం. మిల్లులో గుమాస్తాగా చేసే దోస్తు, సీజను కావడంతో మూడు రోజులుగా రాత్రి పొద్దుపోయేదాకా లెక్కలు చూస్తున్నానని చెప్పాడు. అనుకున్న ఆదివారం వదిలేసి వచ్చే ఆదివారానికి మార్చుకున్నాం. ఎవరి కొంపా మునగలేదు. మార్చుకున్నందుకు అతను మూడుసార్లు "సారీ రా" అన్నాడు. మూడుసార్లూ వద్దని చెప్పాం.

నవంబరు చివరి ఆదివారం, పొద్దున ఆరు గంటలు. సూర్యాపేటలో మంచు ఇంకా విడలేదు. పూర్తిగా తెల్లారితే గానీ హైవే ఎక్కొద్దని ముందే అనుకున్నాం కాబట్టి ఆ అరగంట బండ్ల దగ్గర గడిపాం. మెకానిక్ నేల మీద ఒక గోనెసంచి పరిచి మోకాళ్ల మీద కూచున్నాడు. ఫోను లైటు వెలుగులో చైన్ కింది భాగాన్ని బొటనవేలితో పైకి నొక్కి చూశాడు. రెండు మూడు సెంటీమీటర్లు ఆడితే సరి, అంతకంటే ఎక్కువ వేలాడితే బిగించాలి, తీగలా బిగుసుకొని ఉంటే అదీ మంచిది కాదు. నా బండికి కొంచెం బిగించాడు. టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూపించాలని, పది కిలోమీటర్లు నడిచాక చూపిస్తే లెక్క తప్పొస్తుందని చెప్పాడు. తర్వాత ఒక్కొక్కరి వెనకా ఇంకొకరిని నిలబెట్టి, ముందు బ్రేకు, వెనక బ్రేకు విడివిడిగా పట్టమన్నాడు. సారు బండికి వెనక బ్రేకు తొక్కితే లైటు వెలగడం లేదు. ఎన్నాళ్ల నుంచో తెలియదు. తన బండి బ్రేకు లైటు తనకు ఎప్పటికీ కనపడదు. వెనక ఉన్నవాడే చూసి చెప్పాలి.

ఆ పొద్దున ఇంకో చిన్న రగడ జరిగింది. గుమాస్తా తమ్ముడు వెనక కూచోవడానికి వచ్చాడు, హెల్మెట్ తేలేదు. "వెనక కూచునేటోనికి ఎందుకన్నా?" అన్నాడు. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. వందలో 44 మందికి పైగా రెండు చక్రాల బండ్ల మీద ఉన్నవాళ్లే. హెల్మెట్ లేక పోయినవాళ్లు 50,029 మంది. అందులో 14,337 మంది వెనక కూచున్నవాళ్లు. ఇవన్నీ ఆ పిల్లవానికి చెప్పలేదు. సారు లోపలికి వెళ్లి ఆ గీత పడ్డ పాత హెల్మెట్ తెచ్చి చూపించాడు. పిల్లవాడు గీత మీద వేలు పెట్టి నిమిరి, పోయి ఎక్కడి నుంచో ఒక హెల్మెట్ తెచ్చుకున్నాడు. దెబ్బతిన్న హెల్మెట్‌ను మళ్లీ పెట్టుకోకూడదు. లోపలి గట్టి స్పాంజి ఒక్క దెబ్బకే తన పని అయిపోగొట్టుకుంటుంది. సారు దాన్ని దాచింది ఇలా చూపించడానికే.

ఇక వరుస. పోయినసారి బాగా తోలేవాడు ముందు, నెమ్మదస్తుడు వెనక. ఎవరూ నిర్ణయించలేదు, దానంతటదే అలా అయింది. గుంపుల్లో ఎప్పుడూ ఇలాగే అవుతుంది. దీనివల్ల ఏమవుతుందో లెక్క వేసుకోండి. ఊరు దాటగానే ముందువాడు నలభై నుంచి అరవైకి పెంచుతాడు. రెండోవాడు అది గమనించి పెంచేసరికి రెండు సెకన్లు, మూడోవాడికి ఇంకో రెండు. నాలుగోవాడు పెంచేసరికి ముందరి బండి ఎక్కడో ఉంటుంది. దాన్ని అందుకోవాలంటే అతను డెబ్భై ఐదో ఎనభయ్యో పోవాలి. అందుకున్నాడో లేదో, ఇంకో ఊరొచ్చి అందరూ బ్రేకు వేస్తారు. రోజంతా ఇదే. ముందువాడు హాయిగా అరవైలో వాహ్యాళికి వెళ్లినట్టు వెళుతుంటే, అందరికంటే నెమ్మదైనవాడు అందరికంటే వేగంగా తోలుతుంటాడు. చివరివాడు ఎందుకు అలిసిపోయాడని అడిగేముందు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. కంపెనీలో అయినా, ఇంట్లో అయినా.

ఈసారి అందరికంటే బాగా తోలే మెకానిక్‌ను చివర పెట్టాం. దారి బాగా తెలిసిన గుమాస్తా ముందు. అతని వెనకే సారు, తర్వాత నేను. మెకానిక్‌కు మొదట మింగుడు పడలేదు. చిన్నప్పటి నుంచీ ముందుండి అలవాటైన మనిషి. కోదాడ చేరాక అతనే అన్నాడు, "ఎనకుంటె అందరు కనవడుతున్నరు రా. ముందటుంటె ఒట్టి రోడ్డే."

ఇంకో కట్టుబాటు పెట్టుకున్నాం. ఎవరి వెనక ఉన్నవాడికి వాళ్లే జవాబుదారీ. నా అద్దంలో మెకానిక్ కనిపించకపోతే నేను వేగం తగ్గించాలి. నేను తగ్గిస్తే సారు అద్దంలో నేను చిన్నగా అయిపోతాను, సారు తగ్గిస్తాడు. అది చూసి గుమాస్తా తగ్గిస్తాడు. ఫోను అక్కర్లేదు, హారన్ అక్కర్లేదు. చివరి బండి ఆగితే అర నిమిషంలో ముందరి బండి ఆగుతుంది. పోయినసారి ఈ ఒక్కటి ఉంటే ఎనిమిది కిలోమీటర్లు కాదు, ఎనిమిది వందల గజాలు కూడా దాటేవాళ్లం కాదు. బండికీ బండికీ మధ్య మూడు సెకన్ల ఎడం పెట్టుకున్నాం. ముందు బండి ఒక కరెంటు స్తంభం దాటగానే నిదానంగా ఒకటీ, రెండూ, మూడూ లెక్కపెట్టాలి. మూడు అనకముందే మీరు ఆ స్తంభం దగ్గర ఉంటే మరీ దగ్గరగా పోతున్నారన్నమాట. అరవైలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది, మూడు సెకన్లంటే 50 మీటర్లు. ఒకరి వెనక ఒకరు సూటిగా కాకుండా, ఒకరు లేన్‌లో కుడికి, ఇంకొకరు ఎడమకు ఉంటే ముందున్న గుంత ఇద్దరికీ కనిపిస్తుంది.

అన్నిటికంటే మాకు మేలు చేసింది మాత్రం ఆగడం గురించి పెట్టుకున్న పద్ధతి. అలిసిపోతే ఆగుదాం అనుకుంటే ఎవరూ ఆగరు, అలిసిపోయానని ఒప్పుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు కాబట్టి. అందుకని గంటకో, యాభై కిలోమీటర్లకో, ఏది ముందొస్తే అక్కడ ఆగుతాం. అవసరం ఉన్నా ఆగుతాం, లేకున్నా ఆగుతాం. బండి దిగి పది అడుగులు నడవాలి, నీళ్లు తాగాలి. అందరూ ఆగుతున్నారు గనక ఎవరి కోసం ఆగామన్న ప్రశ్నే పుట్టదు. అలిసినవాడి పరువు నిలుస్తుంది, అలుపూ తీరుతుంది. దీన్ని నేను ఇంటికి తీసుకెళ్లాను. మా ఇంట్లో ఆదివారం రాత్రి పొయ్యి వెలిగించం. మా అమ్మ అలిసిందా లేదా అని అడగం. అడిగితే లేదనే అంటుంది.

ఇవి కాక ఎవరైనా ఎప్పుడైనా లైటు రెండుసార్లు కొడితే ఆగి తీరాలి. ఎందుకని అడగకూడదు. ఈ చివరి మాట సారే పెట్టాడు.

మొదట పిల్లలమర్రి వెళ్లాం. సూర్యాపేటకు ఐదారు కిలోమీటర్లు, అంతే. ఇంత దగ్గరలో ఉన్నది ఎప్పుడైనా చూడొచ్చులే అనుకొని చూడనివాళ్లు మా ఊళ్లో ఎంతమందో. రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసాని 1208లో కట్టించిన ఎరకేశ్వరాలయం, నామిరెడ్డి కట్టించిన నామేశ్వరాలయం అక్కడున్నాయి. కాకతీయుల నాటి నల్లరాతి స్తంభాలు ఇప్పటికీ అద్దంలా మెరుస్తాయి. చేయి ఆనిస్తే చలికాలం పొద్దున రాయి నీళ్లంత చల్లగా తగిలింది. గుమాస్తా పది నిమిషాల్లో చూసేశాడు. సారు ఒక స్తంభం దగ్గరే నిలబడిపోయాడు. చరిత్ర పాఠం చెప్పేవాడు కదా, శాసనం ముందు నుంచి కదలడు. మునుపైతే "ఇగ పా సారూ" అని లాక్కొచ్చేవాళ్లం. ఆ పూట గుడి ముందు అరుగు మీద కూచొని అతని కోసం ఎదురుచూశాం. అతను వచ్చి, ఎనిమిది వందల ఏండ్ల కింద ఒక ఆడమనిషి తన పేరు మీద గుడి కట్టించి రాయించుకుందని చెబుతుంటే, పిల్లవాడు నోరు తెరుచుకొని విన్నాడు.

అక్కడి నుంచి వెనక్కొచ్చి 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కాం. పాత రోజుల్లో దీన్ని తొమ్మిదో నంబరు అనేవాళ్లు, మా నాన్న ఇప్పటికీ అదే అంటాడు. దురాజ్‌పల్లి గట్టు దాటాం. రెండేండ్లకోసారి లింగమంతుల స్వామి జాతర జరిగినప్పుడు ఈ రోడ్డంతా జనమే, హైదరాబాద్, విజయవాడ బండ్లను వేరే దారి పట్టిస్తారు. సంక్రాంతి ముందు మూడు రోజులు కూడా ఈ రోడ్డు మీద సరదా ప్రయాణం పెట్టుకోవద్దు. ఆ రోజులు ఊళ్లకు పోయే కుటుంబాలవి.

నాలుగు వరుసల రోడ్డు నున్నగా ఉంటుంది. దాని ప్రమాదం ఆ నునుపులోనే ఉంది. విజయవాడ దాకా సాఫీగా పోయే కారుకు ఇది హైవే. చివ్వెంల, మునగాల రైతుకు ఇది తన ఇంటికీ పొలానికీ మధ్య ఉన్న రోడ్డు. డివైడర్ తెరిచిన చోటు రెండు కిలోమీటర్ల అవతల ఉంటే, ట్రాక్టరు రాంగ్ రూట్లో అంచు వెంబడి వచ్చేస్తుంది. 2014 డిసెంబరు 6న నిర్మాత నందమూరి జానకీరామ్ కారు మునగాల మండలం ఆకుపాముల దగ్గర ట్రాక్టరును ఢీకొని ఆయన చనిపోయారు. అంత పెద్ద కారుకే అట్లా జరిగిన దారిలో మన బండి ఎంత? అందుకే ఊరు కనిపించినప్పుడల్లా, రోడ్డు ఎంత ఖాళీగా ఉన్నా, గుమాస్తా నలభైకి దించేవాడు. ఎడమ అంచుకు అతుక్కుపోయి తోలొద్దని కూడా అనుకున్నాం, ఎదురొచ్చేవాడు వచ్చేది అక్కడి నుంచే.

కోదాడలో టిఫిన్. ఇక్కడికొచ్చేసరికి మాట మారిపోతుంది. మా "ఏంది", "గట్ల" వింటూనే హోటలాయన "ఏం కావాలండీ" అన్నాడు. అవతల కాస్త దూరం పోతే ఆంధ్రా వచ్చేస్తుంది. ఇక్కడే హైవే వదిలి హుజూర్‌నగర్ వైపు తిరిగాం. ఈ రోడ్డు మీద సిమెంటు లారీలే లారీలు. మేళ్లచెరువు, మఠంపల్లి వైపు ఫ్యాక్టరీల నుంచి వస్తుంటాయి. లారీ అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనిపించకపోతే, మీరు అతనికి కనిపించడం లేదన్నట్టే. గుంపుగా పోయేవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఏమిటంటే, ముందువాడు లారీని దాటగానే వెనకవాడు కళ్లు మూసుకొని అతని వెంట దూరడం. ముందువాడికి ఉన్న ఖాళీ వెనకవాడికి ఉండదు. ఎవరి ఓవర్‌టేకు వాళ్లే చూసుకోవాలి, వీలుకాకపోతే లారీ వెనకే పోవాలి. అవతల ముందువాడు ఆగి ఉంటాడు, ఉండాలి. అతను ఆగుతాడన్న నమ్మకం ఉంటే వెనకవాడు తొందరపడడు. నేను చూసినంతలో, తొందరపాటు సగం ఆ నమ్మకం లేకపోవడం వల్లనే వస్తుంది.

నేరేడుచర్లకు ముందు ఆ చోటు రాగానే గుమాస్తా తనంతట తానే ఆపాడు. పండ్లు కొనుక్కొని వెళ్లాం. ఆ పెద్దమ్మ అదే చోట వడ్లు నేరుపుతోంది. చేతుల్లో ఏమీ లేదు. రెండు పాదాలూ వడ్లలో దూర్చి, నేల మీంచి ఎత్తకుండా నెమ్మదిగా నడుస్తుంటే వెనక రెండు చాళ్లు పడుతున్నాయి. పైవడ్లు కిందికి, కింది తడివడ్లు పైకి. అటు చివరిదాకా వెళ్లి మళ్లీ ఇటు. మమ్మల్ని గుర్తుపట్టి మొదట సారు మోచేయి పట్టుకొని చూసింది. "మానింది" అంది. ఆమె ఎత్తిన ఆ ఫోను, కడిగిన ఆ గాయం మా అందరికీ బాకీ. కేసుల భయంతో చాలామంది దగ్గరికే రారు. 2019లో మోటారు వాహనాల చట్టానికి 134ఏ సెక్షన్ చేర్చి, సాయం చేసినవాళ్ల మీద ఆ సాయం కారణంగా కేసు లేకుండా రక్షణ ఇచ్చారు. ఆ పెద్దమ్మకు ఆ చట్టం తెలియదు. తెలియకుండానే వచ్చింది. మీకు తెలుసు కదా, మీరు ఆగండి. 108కి ఫోను చేయండి, జాతీయ రహదారి అయితే 1033 కూడా ఉంది. పడ్డవాణ్ని గబగబా లేపి నిలబెట్టకండి, హెల్మెట్ లాగేయకండి. మెడ కదలకుండా చూసి, మాట్లాడిస్తూ ఉండండి.

పెద్దమ్మ మాతో అన్న మాట ఒకటి రాస్తాను. "జర మెల్లగ పోతె మీకూ మంచిదే, నా వడ్లు గూడ చెదరయి బిడ్డా." మెకానిక్ వడ్ల అంచున మోకాళ్ల మీద కూచొని పిల్లవానికి చూపించాడు. వడ్లు కనిపించగానే, వాటి మీదికి రాకముందే వేగం తగ్గించాలి. తప్పనిసరై ఎక్కితే ముందు బ్రేకు పట్టొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు, బండి వంచొద్దు. నిటారుగా, ఒకే వేగంతో దాటెయ్యాలి. అంచున పెట్టిన రాళ్లు, రాత్రయితే పట్టాలు కప్పిన కుప్పలు ఇంకా ప్రమాదం.

మిర్యాలగూడ దగ్గరికొస్తుంటే ఉడికిన వడ్ల వాసన ముందు తెలుస్తుంది, తర్వాత మిల్లుల పొగగొట్టాలు కనిపిస్తాయి. సీజనులో రోడ్డు పక్కన వడ్ల ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. రైతులు ట్రాలీల కింద నీడకు పడుకొని ఉంటారు. హెల్మెట్ అద్దం దించుకొమ్మని గుమాస్తా ముందే చెప్పాడు. ఊక బూడిద నుసి గాల్లో ఉంటుంది, కంట్లో పడితే నలపడానికి చేయి వదిలేస్తారు. అతని ఇంట్లో భోజనం చేశాం. వాళ్లమ్మ ఇంకో ముద్ద, ఇంకో ముద్ద అని వడ్డిస్తుంటే వద్దనడం కష్టమైంది. అన్నం తిన్నాక అరగంట పడుకున్నాం. నిజంగానే పడుకున్నాం, చాప వేసుకొని. మధ్యాహ్నం భోంచేసి వెంటనే బండెక్కడం నిద్రమాత్ర వేసుకొని ఎక్కడం లాంటిదే.

వాడపల్లిలో మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. హైదరాబాద్ నడిమధ్య నుంచి, మా సూర్యాపేట పక్క నుంచి పారే ఆ మూసీయే. ఒడ్డున మెట్ల మీద అరగంట కూచున్నాం. ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ఫోటోలు కూడా ఒకటి రెండే. అగస్తేశ్వరుని గుడిలో గంట మోగుతుంటే, రెండు నీళ్లూ కలిసే చోట రంగు తేడా పిల్లవానికి చూపిస్తూ సారు ఏదో చెబుతున్నాడు. అక్కడే ఇంకాసేపు ఉండాలనిపించింది. కానీ నాలుగింటికి కదలాలని పొద్దున్నే అనుకున్నాం, కదిలాం. వడ్ల సీజనులో ఈ దారుల్లో చీకటి పడ్డాక ప్రయాణం మంచిది కాదు. వెనక లైటు లేని ట్రాలీ, దగ్గరికి వెళ్లేదాకా నల్లటి గోడలా ఉండి కనిపించదు.

మిర్యాలగూడ దగ్గర గుమాస్తా, అతని తమ్ముడు ఆగిపోయారు. మేం ముగ్గురం మిగిలాం. ముందు నేను, మధ్యలో సారు, చివర మెకానిక్. ఎంత లెక్క వేసుకున్నా దారిలో ఒకచోట ట్రాక్టర్ల వెనక ఆలస్యమై, మసక చీకటి పడనే పడింది. సూర్యాపేట దీపాలు దూరంగా కనిపిస్తున్నాయి. ఇంకో పది నిమిషాల్లో ఇల్లు. ఇల్లు కనిపించాక ఎవరూ ఆగరు. మనసు ముందే ఇంటికి చేరిపోయి ఉంటుంది, ఒళ్లు మాత్రం రోడ్డు మీద ఉంటుంది.

నా అద్దంలో సారు లైటు రెండుసార్లు వెలిగి ఆరింది.

ఎడమకు దించి, రోడ్డు వదిలి మట్టి మీద ఆపాను. నా వెనక అతను, అతని వెనక మెకానిక్. ముగ్గురం ఇంజన్లు బంద్ చేశాం. పొలాల్లో కీచురాళ్లు తప్ప చప్పుడు లేదు. మెకానిక్ నోరు తెరిచాడు. ఎందుకని అడగబోయి, ఆపుకొని, నీళ్ల సీసా అందించాడు. సారు హెల్మెట్ తీసి, ముఖం కడుక్కొని, కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. అటు పది అడుగులు, ఇటు పది అడుగులు నడిచాడు. ఐదు నిమిషాలు గడిచి ఉంటాయి. హెల్మెట్ పెట్టుకొని పట్టీ బిగించుకున్నాడు. దాన్ని రెండుసార్లు లాగి చూసుకున్నాడు.

"ఇగ పోదాం" అన్నాడు.